మా నాన్న అభ్యంతరం

నా పెళ్ళికి మా ఊళ్ళో అందరికంటే ఆఖరున వెళ్ళింది నేనే. సరిగ్గా బయల్దేరే వేళకి కొత్త చెప్పు పట్టీ తెగింది. అమ్మ సూదీదారం నా చేతిలో పెట్టి, "కుట్టుకుని రా, నేను పోతున్నా, లేటయితే మంచి చోటు దొరకదు" అని వెళ్ళిపోయింది. కన్నతల్లి మాట్లాడాల్సిన మాటేనా అది? నోట్లో దారం తడుపుకుంటూ తిట్టుకున్నాను.

వెళ్ళి చూద్దును కదా, రిజిస్ట్రారు గది కిటికీ దగ్గర్నుంచి వీధి మలుపు దాకా ఊరంతా లైను కట్టి ఉంది. అందరూ నా పెళ్ళి చూడ్డానికి వచ్చినవాళ్ళే. ఆ లైన్లో చిట్టచివరి మనిషిని నేను. మొట్టమొదటి మనిషి మా నాన్న. ఆయన వచ్చింది దీవించడానికి కాదు, అభ్యంతరం చెప్పడానికి.

మా ఊరి సంగతి చెప్పకపోతే ఇదంతా పిచ్చివాళ్ళ వ్యవహారంలా ఉంటుంది. చెప్పినా అలాగే ఉండొచ్చు. మాది ఈ చివర తుమ్మితే ఆ చివర ఉలిక్కిపడేంత ఊరు. ఒకటే వీధి. అయినా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మా ఊరే కేంద్రం. పూర్వం ఎవరో పెద్ద అధికారి ఆఫీసులెక్కడ పెట్టాలా అని పటం మీద కంపాసు పెట్టి సున్నా చుట్టాడట. ముల్లు గుచ్చిన చోట చిల్లు పడింది. "ఇక్కడ పెట్టండి" అన్నాడట. ఆ చిల్లు మేము.

అందుకని మా ఊళ్ళో సినిమాహాలు లేదు, బట్టలకొట్టు లేదు, క్షవరం చేసే మనిషి కూడా పక్క ఊరినుంచి రావాల్సిందే. కానీ భూముల ఆఫీసుంది, సర్వే ఆఫీసుంది, ఖజానా ఉంది, జననమరణాలూ పెళ్ళిళ్ళూ నమోదు చేసే గది ఉంది. ఖజానా గోడా మా వంటింటి గోడా ఒకటే కావడంతో అక్కడి గుమాస్తాకి జలుబు చేస్తే వాళ్ళావిడకంటే ముందు మా అమ్మకి తెలుస్తుంది. ఊళ్ళో సగంమంది ఆఫీసుల్లో పనిచేస్తారు. మిగతా సగంమందిమి ఆ ఆఫీసులకొచ్చే జనానికి టీలో, కవర్లో, జిరాక్సులో అమ్ముకుని బతుకుతాం. నేను దరఖాస్తులు రాస్తాను. భూముల ఆఫీసు మెట్ల పక్కన నా బల్ల. ఎంతటి కష్టాన్నయినా ఒక్క పేజీలో సర్దేస్తాను, రెండో పేజీ ఏ ఆఫీసరూ చదవడు గనక.

ఊహ తెలిసినప్పట్నుంచీ మా కళ్ళముందు లైన్లే. ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడితే చాలు, మా ఊరివాడు పోయి మూడోవాడవుతాడు. ఎందుకని అడగడు. ఒకసారి టీకొట్టు పిన్ని ఆడపడుచు మీద అలిగి వీధిలో అటు తిరిగి నిలబడింది. ఆడపడుచు బతిమాలుతూ వెనక నిలబడింది. వాళ్ళు రాజీపడి వెనక్కి తిరిగేసరికి అరడజను మంది చేతుల్లో కాగితాలతో నిలబడి ఉన్నారు.

ఊరికి ఈ జబ్బు అంటించింది మా నాన్నే. ఆఫీసు అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఊరందరికీ ఆయన లైనుబాబాయ్. కర్ర పట్టేవాడు కాదు, కేకలు వేసేవాడు కాదు. దగ్గేవాడు. ఆ దగ్గుకి ఎంత వంకర లైనైనా తాడు బిగించినట్టు తిన్నగా అయిపోయేది. ఆయన చట్టం చిన్నది. ఎవరూ ముందుకి దూరకూడదు, ఎవరికీ చోటు పట్టకూడదు. వెనక్కి పోవాలనుకుంటే మాత్రం ఎవరైనా పోవచ్చు, పోతే చిట్టచివర నిలబడాలి. ఒక పెద్దాఫీసరు గారి భార్య వచ్చి ఎండకి కళ్ళుతిరిగి పడిపోతే, మొహాన నీళ్ళు చల్లి, సేదతీర్చి, మళ్ళీ తీసుకొచ్చి అదే చోట నిలబెట్టాడు.

ఆయన అభ్యంతరమేమిటంటే, నా పెళ్ళికొడుకు పక్క ఊరివాడు. పక్క ఊరికి అన్నీ ఉన్నాయి. సినిమాహాలుంది, బస్టాండుంది, ఎర్రదీపం పచ్చదీపం వెలిగే కూడలి కూడా ఉంది. లేనివల్లా ఆఫీసులే. వాటిని తమ ఊరికి మార్చమని వాళ్ళు ప్రతి ఏడూ ఒక బస్సు నిండా వచ్చి అర్జీ ఇస్తారు. ఆ అర్జీ ఇవ్వడానికి మా లైన్లోనే నిలబడాలి, వాళ్ళకేమో నిలబడటం రాదు, గుంపుగా తప్ప. ఆ బస్సులో ముందు సీట్లో కూర్చుని వచ్చే పెద్దమనిషే అర్జీలకి నాయకుడు. ఆయన కొడుకే నా పెళ్ళికొడుకు, నా జిరాక్సు మెకానిక్కు.

నా బల్ల పక్కనే జిరాక్సు మిషను. అతను వచ్చి బాగుచేసి వెళ్ళేవాడు, మర్నాటికి అది మళ్ళీ మొండికేసేది. ఎంత పాత మిషనైనా ఇంత రోగిష్టిదేమిటా అనుకున్నాను. తీరా ఒకరోజు కనిపెట్టి చూస్తే వెళ్ళేముందు ఒక స్క్రూ వదులు చేసి పోతున్నాడు. ఒళ్ళు మండింది. ఆ మంట కాసేపే. సాయంత్రం నేను కూడా రెండు స్క్రూలు వదులు చేశాను.

విషయం విన్న రోజున నాన్న టీకొట్టు ముందు నిలబడి ఊరంతా వినేలా అన్నాడు. "మన ఆఫీసులు ఎత్తుకుపోదామని చూసే ఇంటికి నా పిల్లనిస్తానా? పెళ్ళినాడు నేనే కిటికీ దగ్గరికెళ్ళి అభ్యంతరం చెప్తాను. చెప్పకపోతే నన్ను లైనుబాబాయ్ అని పిలవకండి!" ఆ రోజునుంచి నాతో మాట్లాడటం మానేశాడు. నాన్న అన్నమాట తప్పే మనిషైతే నాకీ భయం ఉండేది కాదు. కన్నతండ్రే అభ్యంతరం చెప్తే పెళ్ళి ఆగి విచారణకి పోతుంది. మా ఆఫీసుల్లో విచారణ అంటే ఏమిటో నాకు చెప్పేదేముంది? తాతలు మొదలుపెడితే మనవలు ముగిస్తారు.

నోటీసు ఇచ్చి, నాన్న మెత్తబడతాడేమోనని చూస్తూ కూర్చున్నాను. మెత్తబడలేదు. చూస్తుండగానే నోటీసు గడువులో ఆఖరి రోజు వచ్చేసింది. ఇవాళ కాకపోతే మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఇంకో ఊళ్ళో అయితే పెళ్ళికి వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారు. మావాళ్ళు పొద్దున్నే కిటికీ ముందు నాన్న నిలబడి ఉండటం చూశారు. ఆయన వెనక అమ్మ నిలబడింది, అమ్మ వెనక టీకొట్టు పిన్ని, పిన్ని వెనక ఆడపడుచు. ఇంకేముంది, వచ్చినవాడల్లా వచ్చినట్టే చేరిపోయాడు.

మెకానిక్కు మోటారుసైకిలు దిగి నా పక్కకి వచ్చాడు. తల నున్నగా దువ్వి, చొక్కా గుండీ ఒకటి కిందది పైకి పెట్టుకుని ఉన్నాడు. "మావాళ్ళ బస్సు దార్లో ఆగిపోయింది, వస్తారులే" అని లైను వంక చూశాడు. "ఇదేంటి? అందరూ మన పెళ్ళికొచ్చినవాళ్ళేగా. జరగమంటే జరుగుతారు, ముందుకి పద."

"నోర్ముయ్! ఎవరైనా వింటారు!"

"వింటే?"

"నీకు తెలీదు. పెళ్ళి ఆగిపోతే ఏదో ఒకలా బతుకుతాను. లైను తప్పానంటే ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఇంకా మించిపోయింది లేదు, ఇంటికి పోదామా అని ఆలోచిస్తున్నాడేమో అనిపించింది. ఇంతలో ముందునుంచి పిన్ని చెయ్యి ఊపింది. "రావే అమ్మాయ్, ఇలా వచ్చి నా ముందు నిలబడు!" నాన్న దగ్గాడు. పిన్ని చెయ్యి అలాగే గాల్లో ఆగి, మెల్లిగా కిందికి దిగి, ముంగురులు సర్దుకుంటున్నట్టు నటించింది.

రిజిస్ట్రారు గారు ఏదో మీటింగుకి వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చారు. కిటికీ తెరుచుకోబోతోంది. అప్పుడు మా అమ్మ బుర్ర పనిచేసింది. ఉన్నట్టుండి లైన్లోంచి బయటికొచ్చింది.

"ఎక్కడికే?" అన్నాడు నాన్న.

"వెనక్కి. నీ చట్టమేగా, వెనక్కి ఎవరైనా పోవచ్చని" అంది అమ్మ. అంటూనే లైను పొడుగునా నడిచి వచ్చి, నా బుగ్గ గిల్లి, నా వెనక నిలబడింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పిన్ని కెవ్వున కేకేసి పరిగెత్తుకొచ్చి అమ్మ వెనక చేరింది. ఆవిడ వెనక ఆడపడుచు. ఆ తర్వాత సర్వేవాళ్ళు, ఖజానా గుమాస్తా, కవర్ల కొట్టు ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని మరీ. ముందున్నవాళ్ళు నవ్వుకుంటూ, ఒకరినొకరు లాక్కుంటూ వెనక్కి పరిగెత్తుతుంటే మేమిద్దరం అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకి పోతున్నాం. పని మీద వచ్చిన పొరుగూరి రైతు ఒకాయన, ఏం జరుగుతోందో తెలియకుండానే, తనకేదో నష్టం వస్తుందని కంగారుపడి అందరితో పాటు పరిగెత్తి వెనక చేరాడు. దుమ్ము లేచింది. మెకానిక్కు నవ్వాపుకోలేక నా భుజం మీద వాలిపోయాడు.

చివరికి మా ముందు నాన్న ఒక్కడే మిగిలాడు.

నాన్న మెడ అంత దగ్గరగా చూసి చాలా రోజులైంది. కాలరు ఒక పక్క లోపలికి మడతపడి ఉంది. చిన్నప్పట్నుంచీ అది తీసేది నేనే. చెయ్యి ఎత్తి మళ్ళీ దించేశాను. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ కలిసి వస్తే ముందు ఏది చెయ్యాలో తెలీక ముక్కు చీదుకున్నాను.

కిటికీ రెక్క తెరుచుకుంది. "ఊఁ, చెప్పండి బాబాయ్, ఏం పని?" అన్నారు రిజిస్ట్రారు గారు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. మెకానిక్కు నవ్వు ఎటుపోయిందో పోయింది. నాన్న నోరు తెరిచాడు, మూశాడు, వెనక్కి తిరిగాడు. నన్ను చూడలేదు. నా తల మీదుగా దూరంగా చూశాడు.

"చివర లైను వంకరగా ఉంది" అన్నాడు.

"మీ వంతు వచ్చింది బాబాయ్!"

"లైను వంకరగా పెట్టుకుని నా పని చూసుకోమంటావా?" అని కసిరి, చకచకా వెళ్ళిపోయాడు. చివరికి పోయినవాడు చివరే నిలబడాలి. ఆ చట్టం ఆయనదే కాబట్టి అక్కడే, పొరుగూరి రైతు వెనక నిలబడ్డాడు.

మమ్మల్ని లోపలికి పిలిచారు. సంతకాలు చేశాం. అమ్మా, పిన్నీ, ఆవిడ ఆడపడుచూ సాక్షులు. మెకానిక్కు సంతకం పక్క గడిలోకి పోయింది. ఇక సీలు పడితే చాలు. "కాస్త వేసెయ్యండి సార్" అని బతిమాలాను.

"నీకు తెలీదా అమ్మా? ప్యాడు ఎండిపోతుంది. రోజుకి ఒక్కసారే తెరుస్తాను, ఆఫీసు మూసేముందు. అప్పుడే అన్నిటికీ సీళ్ళు" అన్నారాయన. "ఈలోపు ఎవరైనా అభ్యంతరమంటే నేను వినాల్సిందే. బెంచీ మీద కూర్చోండి. తర్వాత ఎవరు?"

తర్వాత అమ్మ. సాక్షి సంతకం చేసి మళ్ళీ తన చోట్లోకి పోయి నిలబడింది పాపం, పద్ధతి ప్రకారం. అమ్మకి అక్కడ పనేమీ లేదు. కానీ వెనక లైనంతా ఉంది, దాని చివర నాన్న ఉన్నాడు, ఆఫీసు మూసే వేళ ఇంకా కాలేదు. అమ్మ కిటికీ చువ్వల మీద తీరిగ్గా మోచేతులు ఆనించింది. "నేను ఏ వారం పుట్టానో కాస్త చూసి చెప్పండి సార్. పాత పుస్తకాలన్నీ చూడండి, తొందరేం లేదు."

పిన్ని తన ఆడపడుచు తనతో సఖ్యంగా ఉంటోందని సర్టిఫికెట్ కావాలంది. ఆడపడుచు దానికి అభ్యంతరం చెప్పింది. ఖజానా గుమాస్తా తన జలుబు ఎప్పుడు మొదలైందో నమోదు చెయ్యమన్నాడు. కవర్ల ముసలాయన, తను బతికే ఉన్నాడని మీరు నమ్ముతున్నారా లేదా అని నిలదీశాడు. రిజిస్ట్రారు గారు తల పట్టుకున్నారు గానీ, వచ్చినవాళ్ళని కాదనడం మా ఊళ్ళో లేదు. ఒక్క పొరుగూరి రైతు మాత్రం వస్తూనే తన కాగితం అందించి, క్షణంలో పని ముగించుకుని పోబోయాడు. వీధి వీధంతా అతన్ని మింగేసేలా చూసింది.

ఎందుకంటే అతని వెనకే నాన్న.

మామూలుగా అయితే ఎవడైనా కిటికీ దగ్గర సాగదీస్తే నాన్న ఊరుకోడు. కిటికీ తెరుచుకున్నాక ఒక్కసారి కూడా దగ్గలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆయన కిటికీకి ఒక్క అడుగు దూరంలో ఆగి వెనక్కి తిరిగాడు. పనులైపోయినవాళ్ళు ఇళ్ళకి పోకుండా, అలవాటు కొద్దీ మళ్ళీ వెనకే చేరి ఉన్నారు.

"మళ్ళీ వంకర!" అని కసిరి, మళ్ళీ వెళ్ళిపోయాడు.

"మీ నాన్న మళ్ళీ వెనక్కెళ్ళాడు" అన్నాడు మెకానిక్కు.

"చూశాను."

"నిజంగా అంత వంకరగా ఉందా?"

లేచి కిటికీలోంచి తొంగిచూశాను. లైను గీత గీసినట్టు తిన్నగా ఉంది. అంత తిన్నని లైను మా ఊళ్ళో కూడా ఎన్నడూ లేదు.

అదే సంగతి బయటవాళ్ళకీ తట్టినట్టుంది. పిన్ని మెల్లిగా ఒక అడుగు ఎడమకి జరిగింది. ఆడపడుచు కుడికి జరిగింది. లైనుబాబాయ్ అబద్ధమాడాడని రేపు ఎవరూ అనకూడదు కదా! సర్వేవాళ్ళు, తిన్నని గీతలు గియ్యడమే వృత్తిగా బతికే మనుషులు, పళ్ళ బిగువున నవ్వాపుకుంటూ నడుములు వంచి నిలబడ్డారు. లైను పాములా మెలికలు తిరిగింది. నాన్న ఒకచోట సరిచేస్తుంటే ఇంకోచోట వంగుతోంది. ఆయన ఇటు తిరిగితే అటు, అటు తిరిగితే ఇటు. ఖజానా గుమాస్తా నవ్వీ నవ్వీ తుమ్మాడు.

ఆ గందరగోళంలో పక్క ఊరి బస్సు వచ్చి ఆగింది. పెళ్ళికొడుకువాళ్ళు బిలబిలమని దిగి, ఎప్పట్లాగే గుంపుగా లైను చివర మీద పడ్డారు. వీళ్ళది నటన కాదు, అసలైన వంకర. ముందు సీటు పెద్దమనిషి అందరికీ మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. నాన్న ఆయన ఎదురుగా పోయి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను మెకానిక్కు చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అతను అబ్బా అన్నాడు.

నాన్న ఆ పెద్దమనిషి రెండు భుజాలూ పట్టుకుని, కొంచెం తిప్పి, కొంచెం జరిపి, తలకాయ వంచి చూశాడు. "ఇంకాస్త కుడికి జరగండి బావగారూ" అన్నాడు.

అన్నాక గానీ ఆయనకి తెలియలేదు ఏమన్నాడో. మెలికల లైను మెలికల్లోనే బిగుసుకుపోయింది. పెద్దమనిషి నోరెళ్ళబెట్టి, తేరుకుని, బుద్ధిగా కుడికి జరిగి, "ఇంత చాలా బావగారూ?" అన్నాడు. నాన్న చెవులు ఎర్రగా అయ్యాయి. పోయి వాళ్ళందరి వెనకా నిలబడ్డాడు.

పక్క ఊరివాళ్ళు కిటికీ దగ్గర ఏమేం అడిగారో నేను వినలేదు. వాళ్ళు కూడా బాగానే సాగదీశారని తర్వాత తెలిసింది. నా కళ్ళన్నీ రిజిస్ట్రారు గారి సొరుగు మీదే ఉన్నాయి. చివరికి ఆయన నిట్టూర్చి, సొరుగు లాగి, ప్యాడు తీసి, మూత తెరిచి ఉఫ్ మని ఊదారు. ఆ రోజు కాగితాలన్నీ వరసగా పేర్చుకున్నారు. ధన్, ధన్, ధన్. మాది అడుగున ఉంది. మెకానిక్కు బెంచీ మీంచి సగం లేచాడు. ధన్.

తలెత్తేసరికి కిటికీలో నాన్న మొహం ఉంది. ఆయన వంతు వచ్చింది. వెనక ఊరంతా, పక్క ఊరంతా నిలబడి చూస్తోంది.

"చెప్పండి బాబాయ్" అన్నారు రిజిస్ట్రారు గారు.

"అభ్యంతరం చెప్పడానికొచ్చాను" అన్నాడు నాన్న, పెద్ద గొంతుతో.

"సీలు పడిపోయింది కదా."

"పడిపోయిందా?"

"ఇప్పుడే, మీ ఎదురుగానే."

"ఇంక చెప్పడానికి వీల్లేదా?"

"వీల్లేదు బాబాయ్. టైమైపోయింది."

"కచ్చితంగా?"

"కచ్చితంగా."

"అమ్మయ్య!" అని నాన్న కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుని, తల వాటికి ఆనించి, అంతమందిలో చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నేను బెంచీ మీద నుంచి లేచి, గుమ్మం దగ్గర అడ్డంగా ఉన్నవాళ్ళందరినీ తోసుకుంటూ ఆయన దగ్గరికి పరిగెత్తాను.